తీరిక పనికి ధర ఎంత?

రామగిరి నుంచి ఒక సోదరి వ్రాసిన ఉత్తరం ఈ వారం ముందు పెట్టుకున్నాను. ఆమె పెళ్ళికి ముందు నేర్చుకున్న లేసు అల్లికను, పిల్లలు బడికి వెళ్ళడం మొదలుపెట్టాక మళ్ళీ పట్టుకున్నారట. పాప గౌనుకు కాలరు, రుమాళ్ళకు అంచు, జడకు పూలు, చిల్లర వేసుకునే చిన్న సంచీ - ఇలా ఇంట్లో వాళ్ళకూ, ఇరుగు పొరుగు వాళ్ళకూ అల్లి ఇస్తున్నారు. హిందూపురంలో ఒక దుకాణదారు ఆ కాలరు చూసి, "నెలకు ఇరవై అల్లి ఇవ్వండి, ఒక్కొక్కదానికి 150 రూపాయలు ఇస్తాను" అన్నాడట. "ఊరికే కూర్చునే బదులు వచ్చిందే లాభం కదమ్మా" అని అత్తగారు అంటున్నారట. ఒప్పుకోవాలా, వద్దా? ఇదీ ప్రశ్న.

ముందు లెక్క చూద్దాం. కాలరుకు దారం ఖర్చు 60 రూపాయలనీ, మూడు మధ్యాహ్నాలు పడుతుందనీ ఆమే వ్రాశారు. మధ్యాహ్నానికి మూడు గంటల చొప్పున తొమ్మిది గంటలు. దారం పోగా మిగిలేది 90 రూపాయలు. అంటే గంటకు పది రూపాయలు! నెలకు ఇరవై కాలర్లంటే 180 గంటలు, ఆదివారాలూ పండుగలూ కలుపుకొని రోజుకు ఆరు గంటలు. వంటా వార్పూ, పిల్లల చదువూ ముగించుకొని మరో ఆరు గంటలు సూది పట్టుకుంటే, దాన్ని తీరిక అనడం ఎలా కుదురుతుందండీ?

లేసు పేరు చెబితే మనకు మొదట గుర్తుకు వచ్చేది నరసాపురం. పశ్చిమ గోదావరిలో ఆ ఊరి చుట్టుపక్కల పల్లెల్లో లేసు అల్లని ఇల్లు అరుదని చెప్పుకునే రోజులు ఉండేవి. పందొమ్మిదవ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు బీద స్త్రీలకు నేర్పిన విద్య అది. క్రమంగా అన్ని కులాల ఇళ్ళలోకీ ప్రాకింది. గడప దాటి పనికి వెళ్ళడం గౌరవం కాదనుకున్న కుటుంబాలకు మరీ అనువుగా కనిపించింది. అరుగు మీద కూర్చుని అల్లుకోవచ్చు, నలుగురితో కబుర్లు చెప్పుకోవచ్చు. పూలు అల్లేవారు ఒకరు, ఆ పూలను అతికేవారు మరొకరు. తయారైన బల్ల గుడ్డలూ, దుప్పట్లూ ఓడలెక్కి విదేశాలకు వెళ్ళేవి.

జర్మనీకి చెందిన మరియా మీస్ అనే సామాజిక శాస్త్రవేత్త 1970ల చివర ఆ పల్లెల్లో ఉండి, ఇంటింటికీ తిరిగి ఆడవాళ్ళు ఎన్ని గంటలు అల్లుతున్నారో, చేతికి ఎంత వస్తోందో వివరంగా వ్రాసుకున్నారు. 1982లో అది పుస్తకంగా వచ్చింది. ఇంటి చాకిరీ కాక రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు లేసు పని. దానికి వచ్చేది రూపాయి కూడా కాదు. పొలంలో కూలికి వెళ్ళిన స్త్రీకి అంతకంటె ఎక్కువే ముట్టేది. మరి ఇంత తక్కువ ఎందుకు ఇచ్చారు? వారు పనిచేస్తున్నారని ఎవరూ అనుకోలేదు. ఇంటి ఇల్లాలు తీరిక వేళ ఏదో అల్లుకుంటోంది అన్నారు. వ్యాపారులూ అదే అన్నారు, ఇంట్లో మగవాళ్ళూ అదే అన్నారు. చివరకు అల్లిన చేతులూ అదే అన్నాయి. పనికి 'తీరిక' అని పేరు పెట్టినప్పుడే దాని ధర సగం పడిపోయింది!

రామగిరి అత్తగారి మాటలో చెడ్డ ఉద్దేశం ఏమీ లేదు. కోడలి చేతిలో నాలుగు రూపాయలు ఆడాలనే ఆవిడ కోరిక. కాని నరసాపురంలో చెప్పుకున్న మాటే ఇదీ. అందుకే ఇంత వివరంగా వ్రాస్తున్నాను.

ఇంకో సంగతి. బజారులో గజాల లెక్కన అమ్మే యంత్రపు లేసు చూసి, దానితో పోల్చి బేరం చేసేవాళ్ళు ఉంటారు. నిజమైన క్రోషా అల్లిక యంత్రానికి ఇప్పటికీ చేతకాదు. యంత్రాలు చేసేది దానికి అనుకరణ మాత్రమే. కాబట్టి ఎక్కడ అసలైన క్రోషా కనిపించినా, దాని వెనుక ఒక మనిషి కూర్చున్న గంటలు ఉన్నాయన్న మాటే.

సోదరికి నా సలహా ఇది. గడియారం చూసి ఒక కాలరు అల్లి, పట్టిన గంటలు వ్రాసి పెట్టుకోండి. మీ ఊళ్ళో కూలికి వెళ్ళే స్త్రీకి రోజుకు ఎంత ఇస్తున్నారో కనుక్కొని, దాన్ని ఎనిమిదితో భాగిస్తే గంటకు ఎంతో తేలుతుంది. అంతకు తగ్గవద్దు. నేర్చిన చేతిపని గనుక కాస్త ఎక్కువే అడగవచ్చు. గంటకు 50 అనుకుంటే కాలరు 510 అవుతుంది. దుకాణదారు కొనకపోవచ్చు. కొనకపోతే నష్టం లేదు. మీ కాలర్లు మీ పాప మెడలోనే అందంగా ఉంటాయి. కొంటే, నెలకు ఇరవై కాదు, నాలుగో అయిదో ఒప్పుకోండి. అమ్మేటప్పుడు 'నరసాపురం లేసు' అని మాత్రం చెప్పకండి. ఆ పేరుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అక్కడివారి పేరు అక్కడివారికే చెందాలి.

మీకు ధర్మవరం పక్కనే ఉంది. పట్టుచీర కొంగుకు పూసలు చేర్చి, క్రోషాతో కుచ్చులు కట్టించుకోవడం ఇప్పుడు బాగా వాడుకలో ఉంది. చీర తెచ్చేది వారు, మీరు పెట్టేది దారం, పూసలు, పనితనం. కట్టుకునే మనిషే ఎదురుగా కూర్చుని బేరం చేస్తుంది గనుక మధ్యలో పంచుకునేవారు ఉండరు. నాకైతే కాలర్ల కంటె ఇదే మేలనిపిస్తోంది.

సరే, కొత్తగా మొదలుపెట్టేవారికి రుమాలు అంచు ఒకటి చెబుతాను. మడిచి కుట్టిన తెల్లని నూలు రుమాలు, నలభై నెంబరు దారం, సన్నని ఉక్కు క్రోషా సూది కావాలి. (నెంబరు పెరిగిన కొద్దీ దారం సన్నబడుతుంది. చెయ్యి తిరగనివారు ఇరవైతో మొదలుపెట్టండి.) మొదటి వరుసలో బట్ట అంచులోకి సూది గుచ్చి, దారం పైకి లాగి, సూది మీది రెండు ఉంగరాల గుండా ఒక్కసారి తీయండి. ఇదే ఒంటి కుట్టు. ఇలా చుట్టూ దగ్గర దగ్గరగా వేయండి. మూలల్లో ఒకే చోట మూడు వేస్తే బట్ట ముడుచుకోదు. రెండో వరుసకు అయిదు గొలుసులు అల్లి, మూడు కుట్లు వదిలి, నాలుగో కుట్టులో ఒంటి కుట్టు. ఇలా చుట్టూ చిన్న చిన్న కమానులు వస్తాయి. మూడో వరుసలో ప్రతి కమానులోనూ మూడు ఒంటి కుట్లు, మూడు గొలుసులు, మళ్ళీ మూడు ఒంటి కుట్లు. ఆ గొలుసుల దగ్గర చిన్న మొగ్గలాగా పైకి లేస్తుంది. ఒక వైపు అంచు పూర్తి కాగానే గడియారం చూసి, పట్టిన సమయాన్ని నాలుగుతో హెచ్చవేసుకోండి.

పలుచని గంజిలో ముంచి, పిండకుండా తువ్వాలు మీద పరచి, మొగ్గలన్నిటినీ గుండుసూదులతో సాగదీసి గుచ్చి, నీడలో ఆరనివ్వండి. తుప్పు పట్టిన సూదులు వాడారో, ఆ మరక ఇక వదలదు. ఇస్త్రీ చేసేటప్పుడు తిరగవేసి, కింద మెత్తని గుడ్డ పరచుకోండి. లేకపోతే మొగ్గలు అణగిపోతాయి సుమండీ.