శ్రుతి తగ్గిస్తే పరువు తగ్గదు

వయసు మీరిన గాయకుడు పైస్థాయి అందుకోలేక తడబడితే చూసి నవ్వుకోవడం ఈమధ్య ఒక కాలక్షేపమైపోయింది. ముప్పై ఏళ్ల కిందటి రికార్డునూ నిన్నటి కచేరీనీ పక్కపక్కన పెట్టి ఫోన్లలో పంచుకుంటున్నారు. ఈ పోలిక అన్యాయమని మా అభిప్రాయం. వయసుకు తగ్గట్టు శ్రుతి దించుకుని పాడేవారిని చిన్నచూపు చూడకూడదు. అవసరమైతే దించుకుని పాడమని వినే మనమే అడగాలి.

గొంతు కూడా శరీరంలో భాగమే. స్వరపేటికలోని స్వరతంత్రులు గాలికి కంపిస్తేనే శబ్దం పుడుతుంది. స్వరం పైకి వెళ్లాలంటే అవి సాగి, పలచబడి, సెకనుకు కొన్ని వందల సార్లు కంపించాలి. వయసు పెరిగేకొద్దీ అక్కడి కండరాలు సన్నబడతాయి. సాగే గుణం తగ్గుతుంది. మృదులాస్థి గట్టిపడుతుంది. ఊపిరి నిలిపే శక్తి కూడా తగ్గుతుంది. అరవై ఏళ్ల క్రీడాకారుణ్ణి ఇరవై ఏళ్లనాటి వేగంతో పరుగెత్తమని ఎవరూ అడగరు. గాయకుణ్ణి మాత్రం అడుగుతాం, ఎందుకంటే అతని ఇరవై ఏళ్ల గొంతు రికార్డులో అలాగే ఉండిపోయింది.

ఈ కష్టం బాగా బయటపడేది హెవీ మెటల్, హార్డ్ రాక్ పాటల్లో. మా పెద్ద తరగతుల అన్నయ్యలు కొందరు ఇవి వింటారు. డప్పులు, గిటార్ల హోరును దాటి గాయకుడు తారస్థాయిలో కేక అందుకోవాలి. డీప్ పర్పుల్ బృందం 1970లో విడుదల చేసిన ‘చైల్డ్ ఇన్ టైమ్’ అలాంటిది. అప్పటికి గాయకుడు ఇయాన్ గిలన్‌కు పాతికేళ్లు నిండలేదు. 2002 తరువాత ఆ బృందం కచేరీల్లో ఆ పాటను పక్కన పెట్టింది. జుడాస్ ప్రీస్ట్ గాయకుడు రాబ్ హాల్ఫర్డ్ మాత్రం 1990 నాటి ‘పెయిన్‌కిల్లర్’ను డెబ్బై దాటాక కూడా పాడాడు. ఐరన్ మెయిడెన్ బృందం 2007లో బెంగళూరులో కచేరీ చేసింది. దాని గాయకుడు బ్రూస్ డికిన్సన్‌కు 2014 చివర్లో క్యాన్సర్ బయటపడింది. నాలుక వెనుక కణితికి చికిత్స చేయించుకుని 2016లో మళ్లీ వేదికెక్కాడు. అలాంటి మనిషి ఒక స్వరం దగ్గర తడబడితే లెక్కపెట్టి చూపించడం ఏం గొప్ప?

మరో దారి కూడా ఉంది. మెటాలికా బృందం 1990ల మధ్య నుంచి కచేరీల్లో గిటార్లను అర మెట్టు దించి వాయిస్తోంది. అర మెట్టు అంటే కంపనాల్లో సుమారు 6 శాతం తగ్గుదల. 440 కంపనాల స్వరం 415 అవుతుంది. వినేవారిలో చాలామందికి ఆ తేడా తెలియదు. పాడేవారికి మాత్రం అది పెద్ద ఊరట.

మన తెలుగువారికి ఇది తెలియని సంగతి కాదు. మైకులు లేని రోజుల్లో పద్యనాటక నటులు చివరి వరుసకు వినబడేలా హెచ్చు శ్రుతిలో రాగాలు తీసేవారు. కృష్ణుడి పాత్రను ఒకే రాత్రి ఇద్దరు ముగ్గురు నటులు పంచుకోవడం ఆ నాటకాల్లో మామూలే. పేరున్న నటులందరినీ ఒకేచోట చూపించి జనాన్ని రప్పించడం దాని వెనుక ఉన్న మాట నిజమే. అయినా గొంతులకు విశ్రాంతి దొరికేది, రెండో కృష్ణుడు వచ్చాడని మొదటి కృష్ణుడికి అవమానమేమీ జరిగేది కాదు. 1980లో వచ్చిన కె. విశ్వనాథ్ ‘శంకరాభరణం’ చివర్లో శంకరశాస్త్రి కచేరీ మధ్యలో పాడలేక ఆగిపోతే శిష్యుడు అందుకుని పూర్తి చేస్తాడు. ఆ ఘట్టం చూసి కళ్లు తుడుచుకున్నవారే గానీ నవ్వినవారు లేరు. ఎస్. జానకిగారైతే 2017 అక్టోబరులో, 79 ఏళ్ల వయసులో, ఇదే చివరి కచేరీ అని చెప్పి మైసూరులో పాడారు. ఎప్పుడు ఆగాలో నిర్ణయించుకునే హక్కు గాయకులదే, ప్రేక్షకులది కాదు.

డబ్బిచ్చి టికెట్టు కొన్నవారికి అసలు పాట వినే హక్కు లేదా అని కొందరు అడుగుతారు. పైస్థాయే ప్రాణమైన పాటలు కొన్ని ఉన్నాయి, దించితే వాటి ఊపు తగ్గుతుందని మేమూ ఒప్పుకుంటాం. అలాంటి పాటను గిలన్ బృందంలా వదిలేయడం మంచిది. పాత రికార్డు వేసి పెదవులు కదిపితే మాత్రం అది మోసం. దించిన శ్రుతిలో నిజంగా పాడిన పాట మోసం కాదు.

ఇదంతా బిలాస్‌పూర్‌లో ఉన్న మనకెందుకంటే, కారణం ఉంది. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచి ఇక్కడ తెలుగు కుటుంబాలున్నాయి. రిటైరయ్యాక ఇక్కడే ఇల్లు కట్టుకుని స్థిరపడిన తాతగార్లున్నారు. కోర్బా–విశాఖ రైల్లో సెలవులకు వచ్చి వెళ్లే అమ్మమ్మలున్నారు. ఉగాదికీ వినాయక చవితికీ హార్మోనియం ముందు కూర్చుని పద్యం ఎత్తుకునేది వీళ్లే. మనమేమో మూడు నాలుగేళ్లకొకసారి పెట్టె సర్దుకునేవాళ్లం. తరగతిలో హిందీ, ఆంగ్లం, సంస్కృతం చదువుతాం. తెలుగు పద్యం మనకు దొరికేది పుస్తకంలో కాదు, ఈ పెద్దవాళ్ల నోట. రాగం చివర తాతగారి గొంతు చీలినప్పుడు వెనుక వరుసలో కిసుక్కుమంటే, వచ్చే ఏడు ఆయన మైకు దగ్గరికి రారు. ఆ తరువాతి ఏడు మన నాన్నకు బదిలీ ఆర్డరు వస్తుంది. ఆ పద్యం మనకు ఇక దొరకదు.

అందుకే తోటి విద్యార్థులకు మా మనవి మూడు మాటల్లో చెబుతాం. కీబోర్డు వాయించేవారు పాట మొదలుకాక ముందే పెద్దవారిని శ్రుతి అడగండి, ట్రాన్స్‌పోజ్ బటన్ ఉన్నది అందుకే. పైస్థాయి వచ్చేచోట మనలో ఒకరు పక్కన నిలబడి గొంతు కలపండి, అలా కలపాలంటే పద్యం ముందే నేర్చుకోవాలి కాబట్టి మనకే లాభం. తడబడిన ముక్కను ఫోన్లో తీసి పంచకండి, తీస్తే మొత్తం పద్యం తీసి దాచుకోండి. రేపు ఏ ఊరికి బదిలీ అయినా ఆ పద్యం మన పెట్టెలో ఉంటుంది.