బాలురు, వీడియోలు, గోదావరి వరద

గోదావరి పొంగినదన్న వార్త పుట్టగనే లంకగ్రామములలో పూర్వము పెద్దలు గట్టుమీదికి పోయి చూచి వచ్చెడివారు. నేడు ఆ పని పదుమూడేండ్ల మనుమనిది. అతడు సెల్‌ఫోనునకు తెలుగుననే ప్రశ్న చెప్పును. అది వీడియో చూపును. ధవళేశ్వరమున నీటిమట్టము 11.75 అడుగులైన మొదటి హెచ్చరిక, 13.75 అడుగులైన రెండవది, 17.75 అడుగులైన మూడవది. పశువులను ఎప్పుడు తోలవలెనో, ధాన్యమును ఎప్పుడు మేడ కెక్కింపవలెనో ఈ అంకెలే చెప్పును. కాని బాలునికి మొదట కనబడునది 2022 జూలై నాటి మహావరదయే కావచ్చును. దానిపై పెద్ద యక్షరములతో ‘ఇప్పుడే’ యని యుండును. తేది చూడవలెనని అతనికి ఎవ్వరు నేర్పిరి?

వరద ఏటి కొక్కమారు. తక్కిన దినములలో జ్వరమునకు మందు, సైకిలు గొలుసు మరమ్మతు, పాలిసెట్ దరఖాస్తు, తల్లి నడుగ సిగ్గుపడు బాలిక ఋతుసందేహము, అన్నిటికిని వీడియోయే గురువు. అది కసరదు, నవ్వదు, మరల నడిగిన విసుగుకొనదు. ఈ గుణములు మన యిండ్లలో ఎందరు పెద్దలకు గలవు?

2024 నాటి అసర్ నివేదికను చూడుడు. గ్రామీణ భారతమున 14 మొదలు 16 ఏండ్లవారిలో నూటికి 82 మందికి స్మార్ట్‌ఫోను వాడుట తెలియును. వారిలో గడచిన వారమున చదువునకు వాడినవారు 57 శాతము. సామాజిక మాధ్యమములకు 76 శాతము. ఒక వీడియో ముగియగనే రెండవదానిని ఎన్నుకొనునది బాలుడు కాడు, ప్రకటనలపై బ్రతుకు విదేశీయ కంపెనీ యంత్రము. అతడు తెలిసికొని లేచిపోవుటకంటె కూర్చుండి యుండుటయే దానికి లాభము.

ఆస్ట్రేలియా 2025 డిసెంబరున 16 ఏండ్లలోపువారికి ఈ మాధ్యమములలో ఖాతాలు నిషేధించినది. ఇచ్చట పెక్కుమంది బాలురు చూచునది తండ్రి ఫోనున, తండ్రి ఖాతాతో. నిషేధము ఎవరిని ఆపును?

1874లో వివేకవర్ధనిని స్థాపించిన వీరేశలింగముగారు అచ్చుయంత్రమును చూచి బెదరలేదు. జంతుస్వభావమును, జ్యోతిశ్శాస్త్రమును సయితము తెలుగువానికి తెలుగున వ్రాసి యిచ్చిరి. నేడు మన జిల్లాల వైద్యులు, ఇంజనీర్లు, ఉపాధ్యాయులు తెలిసియు మౌనము వహించి యుండగా, సగము తెలిసినవారు కేకలు వేయుచున్నారు. (మా గ్రాంథికమున చెప్పిన బాలుడు పారిపోవును, గిడుగువారి గెలుపును ఒప్పుకొంటిమి.)

వచ్చు వర్షాకాలమునకు ముందే ఇంజనీరొకరు ధవళేశ్వరము బ్యారేజియొద్ద నిలిచి, మూడు హెచ్చరికల యర్థమును, వీడియోలో తేదిని గంటను చూచు విధమును ఐదు నిమిషములలో వాడుక తెలుగున చెప్పవలెను. లంకల పిల్లలు చదువు ప్రతి ఉన్నత పాఠశాలలోను దానిని చూపవలెను. దీనికి క్రొత్త శాసన మక్కరలేదు.