పాలవన్నె పలకలో కిరణము నడక

నేటి ఎల్‌ఈడీ ట్యూబులైటు పైతొడుగు నొకమారు ఊడదీసి చూచినచో, పట్టీపై బారులు తీరిన చిప్పులు ఒక్కొక్కటియు కన్నులకు మిఱుమిట్లు గొలుపుచుండును. తొడుగు మరల బిగించినంతనే ఆ చుక్కలన్నియు నదృశ్యమై, గొట్టము పొడవునను ఒకే తీరు తెల్లని వెలుగు పఱచుకొనును. చౌకసరకైనచో చుక్కలు లీలగా కనబడుచునే యుండుననుట వేఱుమాట. దీనికి మూలము ఆక్రిలిక్ ప్లాస్టిక్కులో కలిపిన సూక్ష్మకణములు. ఆక్రిలిక్ వక్రీభవన గుణకము సుమారు 1.49 కాగా సిలికోన్ కణములది సుమారు 1.43, ఆ స్వల్పభేదము చేతనే కిరణము కణకణము కడను దారి మళ్లి, ఏ చిప్పునుండి వెడలినదో పోల్చరాని రీతిగా బయటపడును.

అచ్చు చేయించుటకు పూర్వమే ఈ మళ్లింపులను లెక్కకట్టు సాఫ్ట్‌వేరులు నేడు కలవు. అవి మాంటీకార్లో పద్ధతిని లక్షలకొలది కిరణములను విడిచి, ఒక్కొక్కటి ఎంత దూరము పోయి కణమును తాకునో, తాకి ఏ కోణమున మళ్లునో పాచిక వేసినట్లు నిర్ణయించుచు పోవును. కోణనిర్ణయమునకు, నీటిలోని బంగారు రేణువుల రంగులను వివరింపబూని గుస్తావ్ మీ అను జర్మను శాస్త్రజ్ఞుడు 1908లో ప్రకటించిన గణితము కలదు. అంత శ్రమ వలదన్నవారికి, హెన్యే, గ్రీన్‌స్టైన్ అను ఖగోళజ్ఞులు నక్షత్రముల నడిమి ధూళికై 1941లో కూర్చిన, ‘జి’ అను ఒక్క సంఖ్యతో నడచు సూత్రము కలదు. ‘జి’ ఒకటికి చేరువైనకొలది కిరణము ముందునకే సాగును. సున్న యైనచో అన్ని దిక్కులకును సమముగా చెదరును. పాలపుంత ధూళికి కట్టిన లెక్క మన వంటింటి దీపమునకు అక్కఱకు వచ్చుట నా కెప్పుడును ముచ్చట గొలుపును.

ఐతే చిక్కంతయు గణితమున లేదు, సరకు వెంట వచ్చు కాగితమున నున్నది. పలకలు అమ్మువారు సాధారణముగా ముద్రించునవి రెండే అంకెలు: ఎంత వెలుగు ఆవలికి పోవునన్నది యొకటి, ‘హేజ్’ అన్నది రెండవది. ఏఎస్‌టీఎం డీ1003 ప్రమాణము ననుసరించి, ఆవలికి పోయిన వెలుగులో 2.5 డిగ్రీలకు మించి పక్కకు మళ్లిన భాగమే హేజ్. 3 డిగ్రీలు మళ్లినను, 60 డిగ్రీలు మళ్లినను దాని లెక్కకు ఒక్కటే! కావున హేజ్ సమానముగా నున్న రెండు పలకలలో ఒకటి చిప్పులను పూర్తిగా మఱుగుపఱుపగా, రెండవది వానిని బయటపెట్టుట సంభవించును. ఇంజనీరు, పాపము, ‘జి’ విలువను ఊహించి ఊహించి నమూనాతో సరిపెట్టుకొనవలసివచ్చును.

కొందఱు పలకను గోనియోఫోటోమీటరుతో కొలిచి, ఆ కోణపట్టికను ఉపరితలమునకు అంటగట్టి పని కానిత్తురు. అది ఆ మందమునకే చెల్లును. 2 మిల్లీమీటర్ల పట్టికను 3 మిల్లీమీటర్ల తొడుగునకు వాడినచో, తెరపై చక్కగా వెలిగిన దీపము చేతికి వచ్చినపిదప అనుకొన్నదానికంటె మసకగా వెలుగును. అమ్మువారే ప్రతి సరకునకు రెండు మందములలో కొలిచిన పట్టికలను జతచేసి యిచ్చుట న్యాయమని నా యభిప్రాయము. ఉక్కు అచ్చు చెడి మరల చెక్కించుట కగు వ్యయము ముందు ఆ కొలతల ఖర్చు లెక్కలోనిది కాదు. పైగా రెండు పట్టికలు చేతనున్నచో, ఒకదానితో విలువలు కుదిర్చి రెండవదానితో సరిచూచుకొనవచ్చును.