చివరి పొలానికి నీరందాలి

కర్నూలు, కడప జిల్లాల విద్యార్థులకు కె.సి. కాలువను గురించి వేరే చెప్పనక్కరలేదు. సుంకేసుల వద్ద తుంగభద్ర నీటిని అందుకుని అది రెండు జిల్లాల పొలాలనూ తడుపుతుంది. కాలువలో పూడిక పేరుకుంటే దిగువ పైరు ఎండిపోతుంది.

గుండె సంగతీ అంతే. గుండె కండరానికి రక్తం తెచ్చే ధమనుల గోడల్లో కొవ్వు పేరుకుంటే దారి ఇరుకవుతుంది. అక్కడ రక్తం గడ్డకట్టి దారి మూసుకుపోతే కండరం చనిపోసాగుతుంది. అదే గుండెపోటు.

1977లో జూరిచ్ నగరంలో గ్రూన్‌జిగ్ అనే వైద్యుడు సన్నని గొట్టం చివర చిన్న బుడగను అమర్చి, ధమనిలోకి పంపి, ఉబ్బించి దారి తెరిచాడు. ఆ దారి మళ్లీ మూసుకోకుండా 1986లో ఫ్రాన్సులో తొలిసారిగా లోహపు జాలీ గొట్టాన్ని అమర్చారు. దానినే స్టెంట్ అంటారు.

విదేశీ స్టెంట్ల ఖరీదు మన సామాన్యులకు అందేది కాదు. హైదరాబాదు నిమ్స్‌లో హృద్రోగ విభాగాన్ని నడిపిన డాక్టర్ భూపతిరాజు సోమరాజు, రక్షణ పరిశోధనలకు అధిపతిగా ఉన్న అబ్దుల్ కలాంతో చేయి కలిపారు. క్షిపణులు చేసేవారికి లోహాల గుణం తెలుసు; వైద్యునికి గుండె తెలుసు. ఇద్దరి కృషితో 1998లో చౌకైన కలాం-రాజు స్టెంట్ వచ్చింది.

స్టెంటును కనిపెట్టింది వారు కాదుకదా, ఇందులో గొప్పేమిటని కొందరు అడగవచ్చు. తలమడుగు నిండినంత మాత్రాన చివరి పొలం పండుతుందా? ఉన్న విద్యను పేదవానికి అందించడం కూడా ఆవిష్కరణేనని నా అభిప్రాయం.

అయినా పని సగమే అయింది. 2017లో కేంద్ర ప్రభుత్వం మామూలు లోహపు స్టెంటు ధరను 7,260 రూపాయలకూ, మందు పూసిన దానిని 29,600 రూపాయలకూ పరిమితం చేసింది. ధరకు కళ్లెం పడింది. దూరం మాటేమిటి? గుండెపోటులో గడిచే ప్రతి నిమిషం కొంత కండరాన్ని బలిగొంటుంది. పల్లెకు దగ్గరి ఆసుపత్రిలోనే ఇ.సి.జి. యంత్రమూ, దాన్ని చదవగలవారూ, రక్తపు గడ్డను కరిగించే మందూ రాత్రింబవళ్లు ఉండాలి. పెద్ద నగరంలో ఇంకో పెద్ద ఆసుపత్రి కన్నా ఇది ముందు కావాలి.

మీరు చేయగలిగినదీ ఉంది. ఇంట్లో పెద్దలకు ఛాతీలో బరువు, చెమటలు, ఎడమ చేతికి పాకే నొప్పి వస్తే ‘గ్యాసులే’ అని ఊరుకోనివ్వకండి. వెంటనే 108కు ఫోను చేయండి. రేపు మీలో వైద్యులో, ఇంజనీర్లో అయ్యేవారు మిగిలిన సగం పని పూర్తి చేయాలి.