పదిహేడేళ్ల టీచరు పక్కన ఎవరున్నారు?

అమెరికాలోని సౌత్ కరోలినా రాష్ట్రంలో హైస్కూలు పెద్ద తరగతుల పిల్లలకు ‘టీచర్ క్యాడెట్’ అనే కోర్సు ఉంది. 1980ల నడిమిలో మొదలైంది. టీచర్ల కొరత ముంచుకొస్తుందన్న భయంతో, బాగా చదివే పిల్లలను బడిలో ఉండగానే ఈ వృత్తి వైపు మళ్లించాలని పెట్టారు. పిల్లల ఎదుగుదల గురించి, బోధన గురించి కొంత చదువుకున్నాక వాళ్లు దగ్గర్లోని బడికి వెళ్లి ఒక టీచరు గదిలో పనిచేస్తారు. ఇలాంటి కోర్సులు ఇప్పుడు అక్కడ చాలా రాష్ట్రాల్లో ఉన్నాయి. అవి నిలబడేదీ కూలేదీ, ఆ గదిలో అప్పటికే ఉన్న టీచరును బట్టి.

రెండో తరగతి గదిని ఊహించండి. పన్నెండో తరగతి అమ్మాయి బెరుగ్గా వచ్చి గుమ్మంలో నిలబడింది. టీచరుకు ఊపిరి సలపని పని. కాగితాలు కత్తిరించమనో, గోడకు బొమ్మలు అంటించమనో చెప్పేయడం సులువు. ఏడాదంతా అలా గడిస్తే ఆ అమ్మాయికి మిగిలేది కత్తెర, జిగురు. దీనికి పూర్తిగా ఎదురు తప్పు ఇంకోటుంది: మొదటి వారంలోనే పిల్లలను ఆమెకు అప్పజెప్పి, టీచరు రికార్డులు రాసుకోవడం. మొదటి దానికంటే ఇదే ఎక్కువ హాని. చిన్నపిల్లల చదువుతో ప్రయోగం చేసే హక్కు ఎవరికీ లేదు.

సామాజిక శాస్త్రవేత్త డాన్ లోర్టీ 1975లో అచ్చయిన ‘స్కూల్‌టీచర్’ పుస్తకంలో ఒక లెక్క వేశారు. హైస్కూలు దాటేసరికి ఒక విద్యార్థి సుమారు 13,000 గంటలు టీచర్లను చూస్తూ గడుపుతాడు. అందుకే పాఠం చెప్పడమంటే ఏమిటో తనకు తెలుసనుకుంటాడు. అయితే అతను చూసిందంతా బెంచీ మీద కూర్చునే. టీచరు ఆ ప్రశ్న ఆ పిల్లవాణ్నే ఎందుకు అడిగింది, పాఠం సగంలో ఆపి ఎందుకు వెనక్కి వెళ్లింది, ఎవరి ముఖం చూసి ఆపింది? ఇవేవీ అక్కణ్నుంచి కనబడవు. గదిలోకి వచ్చిన పెద్దపిల్లకు టీచరు చూపించవలసింది వీటినే.

ఒక చిన్న లెక్క తీసుకుందాం. 42లోంచి 17 తీసేయమంటే ఓ పాప 35 అని రాసింది. పెద్దపిల్ల వెంటనే దిద్ది 25 అని చెప్పేస్తుంది. ఆ వయసులో అంతే. టీచరు ఆమెను ఆపి, “ఎలా చేశావో చెప్పమ్మా” అని పాపను అడగమనాలి. “ఏడులోంచి రెండు తీసేశానక్కా” అంటుంది పాప. పెద్ద అంకెలోంచే చిన్న అంకెను తీయాలని ఆమెకు ఎవరో చెప్పారు, లేదా తనే అనుకుంది. తప్పు జవాబు వెనుక ఒక ఆలోచన ఉంటుందని కళ్లారా చూసిన ఆ క్షణాన పెద్దపిల్ల బోధనలో తొలి పాఠం నేర్చుకుంటుంది. రేపు ఆమె టీచరు కాకపోయినా, నర్సయినా, ఇద్దరు పిల్లల తల్లయినా ఆ పాఠం పనికొస్తుంది.

ఇంకొకటి, ఆగడం. టీచర్లు ప్రశ్న వేశాక సగటున ఒక సెకనుకే జవాబు కోసం తొందరపడతారని విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రో 1970లలో చూపించారు. మూడు సెకన్లు ఆగితే జవాబులు పొడవవుతాయి, నోరు విప్పని పిల్లలూ మాట్లాడతారు. పదిహేడేళ్ల మనిషికి ఇరవై జతల కళ్ల ముందు మూడు సెకన్ల మౌనం భరించడం కష్టం. పక్కన నిలబడి ఆ ధైర్యం ఇవ్వగలిగేది అనుభవం ఉన్న టీచరే.

బడి వదిలాక టీచరు ఆ పెద్దపిల్లతో పది నిమిషాలు కూర్చోవాలి. “ఈరోజెలా జరిగింది?” అంటే “బాగానే జరిగింది మేడమ్” అంటుంది, అక్కడితో సరి. “మూడో వరుసలో చెయ్యెత్తి దించేసుకుంది ఎవరు?” అని అడగాలి. అప్పుడు మర్నాడు ఆ వరుస వైపు చూస్తుంది. ఏ పిల్ల ఎందులో వెనుకబడింది, ఎవరింట్లో ఏ గొడవ ఉంది అన్న మాటలు గది దాటకూడదని మొదటిరోజే చెప్పాలి. ఆ పెద్దపిల్లదీ అదే ఊరు, చేతిలో ఫోనుంటుంది. విద్యార్థుల రికార్డుల గోప్యత కోసం అమెరికాలో 1974 నుంచి చట్టమే ఉంది.

పెద్దపిల్లలు చిన్నపిల్లలకు చెప్పడం మనకు కొత్తేమీ కాదు. 1816లో తెలుగు వ్యాకరణం ప్రచురించిన ఎ.డి. క్యాంప్‌బెల్ తర్వాత బళ్లారి కలెక్టరయ్యారు. 1823లో జిల్లాలోని 533 బడుల గురించి పైవారికి నివేదిక పంపారు. వాటిలో 226 తెలుగు బడులు. ముందున్న పిల్లలు వెనుకవాళ్లకు చెబుతూ తమ చదువును గట్టిపరచుకునే పద్ధతిని మెచ్చుకుని, ఇంగ్లండు దీన్ని అనుకరించడం తగిన పనేనన్నారు. మద్రాసులో అనాథ బాలుర బడి నడిపిన ఆండ్రూ బెల్ ఈ పద్ధతిని అంతకుముందే, 1797లో, పుస్తకంగా వేసి ఇంగ్లండుకు చేర్చారు. అక్కడ దాని చౌకదనానికే గిరాకీ వచ్చింది: ఒక్క మాస్టరు, వందల పిల్లలు, మధ్యలో మానిటర్లు. ఆ మానిటర్లకు నేర్పేవారే కరవు. 1846లో ప్రభుత్వం నియమాలు మార్చింది. పాఠం చెప్పే పిల్లలు పదమూడేళ్లు నిండినవాళ్లై, ఐదేళ్లు బడిలోనే శిక్షణ పొందాలి. మాస్టరు వాళ్లకు రోజూ గంటన్నర విడిగా పాఠం చెప్పాలి. అందుకు ఆయనకు ఒక శిష్యుడుంటే ఏటా 5 పౌండ్లు, ఇద్దరుంటే 9 పౌండ్లు ఇచ్చారు. నేర్పడం కూడా పనే అని ఒప్పుకుని దానికి కూలి కట్టారు.

మన బడుల్లో స్వపరిపాలన దినోత్సవం నాడు పదో తరగతి పిల్లలు చీర కట్టి, సుద్దముక్క పట్టి పాఠం చెబుతారు. ఆ ఉత్సాహం నాకు ఎంతో ఇష్టం. మర్నాటికి అది ఫొటోల్లో మిగలడమే బాధ. మరోపక్క ఏకోపాధ్యాయ పాఠశాలల్లో ఐదో తరగతి పిల్ల ఒకటో తరగతిని కూర్చోబెట్టి గుణింతాలు దిద్దిస్తూ ఉంటుంది, టీచరు వేరే తరగతితో తలమునకలై ఉంటారు. అది ఖాళీ పోస్టు బరువు ఒక పసిపిల్ల మీద పడడం. దానికి శిక్షణ అని పేరు పెట్టకూడదు.

ఇంటర్ పిల్లలను వారానికో పూట దగ్గరి ప్రాథమిక బడికి పంపాలని విద్యాశాఖ తలిస్తే నేను మనసారా సమర్థిస్తాను. చాలినంత మంది టీచర్లున్న బడులతోనే మొదలుపెట్టాలి. పిల్లలను ఎంపిక చేయడానికి ముందు టీచర్లను ఎంపిక చేయాలి, అదీ వాళ్లు ఇష్టపడితేనే. వాళ్ల టైంటేబుల్‌లో ఆ పెద్దపిల్లతో కూర్చునేందుకు ఒక పీరియడ్ కేటాయించి, దాన్ని పనిగంటల్లోనే లెక్కకట్టాలి.