అగ్రిమెంట్ కాగితంతో స్థలం మనదవ్వదు



ఈ మధ్య ఏ రూముకెళ్లినా ప్లాట్ల మాటే. "మంచి బేరం అన్నా, అడ్వాన్స్ పంపు, మిగతాది నేను చూసుకుంటా" అని ఊరి నుంచి ఫోన్. సలాలాలో ఎండకీ ఖరీఫ్ జల్లుకీ నిలబడి సంపాదించిన రియాళ్లు పంపేస్తాం. కాగితం మీద ఎవరి పేరు ఎక్కిందో అడగం. అడిగితే ఇంట్లోవాళ్లని అనుమానించినట్టు ఉంటుందని మొహమాటం. నా మాట సూటిగా చెప్తున్నా, ఈ మొహమాటమే మన కొంప ముంచుతోంది.

నోటరీ అగ్రిమెంట్ ఉన్నంత మాత్రాన స్థలం మనది కాదు. 1908 రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం వంద రూపాయలు, ఆపైన విలువున్న స్థలం అమ్మకం దస్తావేజు రిజిస్టర్ కావాల్సిందే. జీపీఏ రాయించుకున్నంత మాత్రాన యాజమాన్య హక్కు రాదని సుప్రీంకోర్టు 2011లోనే తేల్చి చెప్పింది.

కొనేవాడి ఫొటో, వేలిముద్ర కూడా దస్తావేజు మీద పడాలి. మనం ఇక్కడ ఉన్నాం కాబట్టి "ముందు తమ్ముడి పేరు మీద చేయిద్దాం, వెళ్లాక మార్చుకుందాం" అంటారు. మార్చాలంటే మళ్లీ స్టాంప్ డ్యూటీ. ఈలోగా తమ్ముడికి అప్పులుంటే అవి ఆ స్థలం మీదికే వస్తాయి. తమ్ముడు మంచోడే, కానీ ఆఫీసులో చూసేది కాగితం మీది పేరే.

దీనికి దారి ఉంది. నమ్మకమైన మనిషికి స్పెషల్ పవర్ ఆఫ్ అటార్నీ ఇవ్వండి. ఫలానా సర్వే నంబరులో ఫలానా ప్లాటు నా పేరు మీద కొనడానికి మాత్రమే అని రాయించండి. అమ్మే హక్కు, తాకట్టు పెట్టే హక్కు ఇవ్వొద్దు. దాన్ని మన ఎంబసీ ధ్రువీకరించాలి. సలాలాలో కాన్సులర్ క్యాంపు పెట్టినప్పుడు అక్కడే అడగండి. కాగితం ఇండియా చేరిన మూడు నెలల్లోపు అక్కడ స్టాంప్ డ్యూటీ కట్టించాలి.

డబ్బు పంపేముందు ఇవి అడగండి:

1. ఈసీ, లింకు డాక్యుమెంట్లు. స్థలం ఎవరి నుంచి ఎవరికి వచ్చింది, తాకట్టులో ఉందా అని తెలుస్తుంది.
2. సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో ఉందా?
3. లేఅవుట్‌కి అనుమతి ఉందా? 500 చదరపు మీటర్లు దాటిన వెంచర్ అయితే రెరా నంబరు ఎంత? ఆంధ్రా, తెలంగాణ రెండింటికీ రెరా వెబ్‌సైట్లు ఉన్నాయి, ఫోన్‌లోనే చూడొచ్చు.
4. రెరా కిందికొచ్చే వెంచర్‌లో అగ్రిమెంట్ రిజిస్టర్ చేయకుండా పది శాతానికి మించి తీసుకోకూడదు. ఏ డబ్బయినా బ్యాంకు ద్వారానే పంపండి.

సైట్‌లో డ్రాయింగ్ చేతికి రానిదే కాంక్రీటు పోయం కదా. మన సొంత డబ్బు మాత్రం కాగితం చూడకుండా ఎందుకు పోస్తున్నాం?

చదవడం రాని అన్నలకి ఇది చదివి వినిపించండి. ఈ నెల డబ్బు పంపేలోపే వినిపించండి.