సుగి పుప్పొడియు శీతకాలమును

వృక్షములు నాటుట పుణ్యకార్యమే; గాని యొక్కజాతినే నాటుట వివేకము గాదు. జపానుదేశమే యిందుకుఁ దార్కాణము. రెండవ ప్రపంచయుద్ధానంతరము అచ్చటి కొండలపైఁ గలపకొఱకు సుగి యను సూదియాకు వృక్షములను విస్తారముగా నాటిరి. వేసవి యెండ వాని మగపూమొగ్గలను వృద్ధిచేయును. శీతకాలపు చలి వానిని నిద్రింపఁజేసి, పిమ్మట మేలుకొలుపును. జనవరి దాటినంతనే వెచ్చఁబడెనేని పుప్పొడి ముందుగా వెలువడును. చలి నిలిచెనేని ఆలసించును. వాన దాని నణఁచును. మఱునాఁటి యెండగాలులు పొగవలె లేపును. అంతట కోట్లకొలఁది జనులు తుమ్ములచేతను గన్నుల దురదచేతను బాధపడుదురు. ఇందుకుఁ జలిని నిందింపరాదు. పుప్పొడి వెలువడు వేళను ఋతువు నిర్ణయించును. రాశిని పెంచినది మానవుఁడే. 2023లో ఆ దేశప్రభుత్వము సుగితోపులను పదేండ్లలో నూటికి సుమారు 20 వంతులు తగ్గింప నిశ్చయించెను. విద్యార్థులారా! చెట్లు నాటుఁడు, పలుజాతులవి నాటుఁడు.